స్టాట్స్ మీద ఇష్టం సరే, పాఠం చెప్పాలన్న ఇష్టం సంగతేమిటి?

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఖమ్మంలో బీఎస్సీ ఎంఎస్‌సీఎస్ చేశావు. మాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్ గ్రూపులో నీకు కావలసింది కంప్యూటర్సే. స్టాట్స్ పాసైతే చాలనుకున్నావు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక డేటా టీమ్‌లో వేశారు. పని కోసమని పాత నోట్సు తిరగేస్తే ఆ స్టాట్సే నిన్ను పట్టుకుంది, ఇప్పుడు వదలడం లేదు. జూనియర్లకు చెబుతుంటే టైమే తెలియడం లేదు. ఉద్యోగం మానేసి ఎమ్మెస్సీ చేసి లెక్చరర్ అవుదామని ఉంది. ఇంట్లో వద్దంటున్నారు. ఇది నిజంగా ఇష్టమా, లేక ఉద్యోగం మీద విసుగా అని నీకే అనుమానంగా ఉంది. (నా విద్యార్థుల వయసుదానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా.)

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. రెండు దశాబ్దాలు దాటింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్టాట్స్ మీద నీకున్న ఇష్టాన్ని అనుమానించకు. పరీక్షించి చూసుకోవలసింది రెండోదాన్ని, అంటే పాఠం చెప్పాలన్న ఇష్టాన్ని. ఈ రెండూ ఒకటే అనుకుని ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు నాలుగైదేళ్లకే నీరుగారిపోవడం నేను కళ్లారా చూశాను. వాళ్లకు సబ్జెక్టు రాక కాదు. నాకంటే బాగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో.

అనుకోకుండా దొరికింది కాబట్టి నిలవదేమో అని కూడా రాశావు. ఆ భయం అక్కర్లేదు. మన దేశంలో ఈ సబ్జెక్టుకు పునాది వేసినవాళ్లే అనుకోకుండా ఇటు వచ్చారు. మహలనోబిస్ కేంబ్రిడ్జిలో చదివింది ఫిజిక్స్. 1915లో తిరిగి వద్దామనుకునేసరికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఉంటే, అక్కడి ట్యూటర్ ఒకాయన బయోమెట్రికా అనే స్టాటిస్టిక్స్ పత్రిక సంపుటాలు చూపించాడు. మహలనోబిస్ అవన్నీ కొనుక్కుని ఓడలోనే చదవడం మొదలుపెట్టాడు. కలకత్తా వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే ఉన్నాడు. 1931లో మొదలైన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) మొదటి చిరునామా ఆ కాలేజీలో ఆయన గదే. ఏటా జూన్ 29న మనం జరుపుకునే గణాంక దినోత్సవం ఆయన పుట్టినరోజు.

సి.ఆర్. రావుగారి సంగతి మనకు ఇంకా దగ్గరిది. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. చదువు అయ్యాక, సైన్యానికి చెందిన సర్వే విభాగంలో ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. కలకత్తాలో ఉన్నప్పుడే, స్టాటిస్టిక్స్ శిక్షణ కోసం ఐఎస్‌ఐకి వచ్చిన ఒకతను పరిచయమయ్యాడు. అదేమిటో చూద్దామని వెళ్లి, నచ్చి, 1941 జనవరి 1న అక్కడ చేరారు. దాదాపు నలభై ఏళ్లు అక్కడే పనిచేశారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చేటప్పటికి ఆయనకు 102 ఏళ్లు. అదే ఏడు ఆగస్టులో పోయారు. ఆయన సంగతి ఇంకొకటుంది, కొంచెం తర్వాత చెబుతాను. నీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

నా మట్టుకు నేను కూడా స్టాట్స్ కోరి తీసుకున్నదాన్ని కాదు. మాది నాగావళి ఒడ్డున ఒక ఊరు, వరి మీద బతికే ఇల్లు. కోతలప్పుడు అధికారులు టేపు, మేకులు, తాడు పట్టుకుని వచ్చి, ఎవరిదో ఒక మడిలో ఒక చదరం కొలిచి, ఆ చదరంలో చేను మాత్రం కోయించి, నూర్చి, తూకం వేసుకుని వెళ్లిపోయేవారు. చిన్నప్పుడు అదేదో తంతు అనుకునేదాన్ని. డిగ్రీలో శాంప్లింగ్ పాఠం వచ్చినప్పుడు అది పంటకోత ప్రయోగమని తెలిసింది. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, పొలం నైరుతి మూల నుంచి ఎన్ని అడుగులు అటు, ఎన్ని ఇటు అన్నది ఎవరి ఇష్టమూ కాదు, ర్యాండమ్ నంబర్లు చెబుతాయి. బాగా పండిన చోట కోద్దామని రైతూ అనడానికి లేదు, ఎండిన చోట కోద్దామని అధికారీ అనడానికి లేదు. ఆ చదరం వరికి మామూలుగా 5 మీటర్లకు 5 మీటర్లు, అంటే 25 చదరపు మీటర్లు. హెక్టారులో అలాంటివి 400 పడతాయి. తూకంలో అర కిలో అటూ ఇటూ అయితే హెక్టారుకు రెండు క్వింటాళ్ల తేడా. మన లెక్కలో ఎకరాకు రమారమి ఒక బస్తా. పంట బీమా డబ్బు వస్తుందా రాదా అన్నది కూడా ఇలాంటి తూకాల మీదే ఆధారపడుతుంది. ఆ రోజు క్లాసులో ఇది విన్నాక నాకు మరో సబ్జెక్టు మీదికి మనసు పోలేదు.

ఇప్పటికీ శాంప్లింగ్ పాఠం వరి చేనుతోనే మొదలుపెడతాను. మా పిల్లల్లో సగం మంది రైతుల బిడ్డలు. బోర్డు మీద ఆ అర కిలో లెక్క చేసి చూపించగానే వెనక బెంచీల్లో మాటలు ఆగిపోతాయి. "మా నాన్న పొలంలో మొన్న కోశారు మేడమ్, గట్టు పక్కన కోశారు, అక్కడ ఎప్పుడూ తక్కువే పండుతుంది" అని ఎవరో ఒకరు లేస్తారు. అంతే, ఆ గంట ఇక ఆ గట్టు మీదే నడుస్తుంది. గట్టు పక్కన పడే అవకాశం ఎంత, పడితే దాన్ని తీసేయవచ్చా, తీసేస్తే ఏమవుతుంది, ఊరంతటి సగటుకు ఒక్క మడి చాలుతుందా.

ఇక అసలు విషయానికి వస్తాను. సబ్జెక్టు మీద ఇష్టం అంటే ఒక విషయం నీకు అర్థమైనప్పుడు కలిగే ఆనందం. పాఠం చెప్పడం మీద ఇష్టం అంటే ఎదుటివాళ్లకు ఎందుకు అర్థం కావడం లేదో తెలుసుకోవాలన్న ఆసక్తి. ఈ రెండోది అందరికీ ఉండదు, లేకపోతే అది లోపమూ కాదు. నువ్వు జూనియర్లకు చెబుతున్నప్పుడు టైమ్ తెలియడం లేదన్నావు. ఆ సమయంలో నీకు సంతోషం దేని వల్ల కలుగుతోంది? నువ్వు చక్కగా చెప్పగలుగుతున్నందుకా, లేక వాళ్లలో ఒకరు అడ్డదిడ్డంగా అడిగిన ప్రశ్న ఇంటికి వెళ్లాక కూడా నీ వెంటపడుతున్నందుకా? నిజాయితీగా చూసుకో.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. వేరియన్స్ అంటే విలువలు సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో చూసి, ఆ దూరాలను స్క్వేర్ చేసి వేసే సగటు. శాంపిల్ వేరియన్స్‌కి ఎన్‌తో, అంటే శాంపిల్‌లోని విలువల సంఖ్యతో కాకుండా ఎన్ మైనస్ 1తో ఎందుకు భాగిస్తాం అని అడిగితే, "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మేడమ్" అని మూడేళ్లూ రాసి పాసైపోతారు పిల్లలు. చాలామంది లెక్చరర్లు కూడా అక్కడితో వదిలేస్తారు. నేను రెండు చీటీలు తీసుకుంటాను. ఒకదాని మీద 0, ఇంకోదాని మీద 2. సగటు 1. సగటు నుంచి రెండూ ఒక్కో యూనిట్ దూరంలో ఉన్నాయి కాబట్టి అసలు వేరియన్స్ 1. ఇప్పుడు డబ్బాలోంచి ఒక చీటీ తీసి, రాసుకుని, మళ్లీ వేసి, ఇంకోసారి తియ్యమంటాను. వచ్చే జతలు నాలుగే: (0, 0), (0, 2), (2, 0), (2, 2). ఒక్కో జతకూ వేరియన్స్ వెయ్యండి అంటాను. ఎన్‌తో, అంటే 2తో భాగిస్తే 0, 1, 1, 0 వస్తాయి. వాటి సగటు అర. అసలు వేరియన్స్ 1 అయితే మనకు వచ్చింది అందులో సగమే. ఎన్ మైనస్ 1తో, అంటే 1తో భాగిస్తే 0, 2, 2, 0. వాటి సగటు సరిగ్గా 1. శాంపిల్ సగటు తన జతకే దగ్గరగా జరిగిపోతుంది కాబట్టి దూరాలు తక్కువగా కనిపిస్తాయి, ఆ తరుగును భర్తీ చేస్తున్నాం అంటే అప్పుడు తలలు ఊపుతారు.

ఒక ఏడు, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, ఎన్‌తో భాగిస్తే నాలుగింటిలో రెండుసార్లు కరెక్టుగా 1 వచ్చింది. ఎన్ మైనస్ 1తో భాగిస్తే ఒక్కసారి కూడా 1 రాలేదు. మరి అదెలా మంచిది?" అంది.

చూడు, ఎంత గట్టి ప్రశ్నో. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. సగటున తప్పకపోవడం వేరు, ప్రతిసారీ దగ్గరగా ఉండటం వేరు. ప్రతిసారీ వచ్చిన పొరపాటును స్క్వేర్ చేసి సగటు వేసి చూస్తే ఆ చీటీల విషయంలో ఎన్‌తో భాగించినదానికి అర, ఎన్ మైనస్ 1తో భాగించినదానికి 1. అంటే ఆ కొలత ప్రకారం పుస్తకం వద్దన్నదే గెలిచింది. "అన్‌బయాస్డ్", అంటే సగటున తప్పకపోవడం అన్నది మంచి గుణాల్లో ఒకటి, అదొక్కటే మంచితనం కాదు అన్న సంగతి థర్డ్ ఇయర్‌లో ఎస్టిమేషన్ పాఠంలో వస్తుంది. ఆ అమ్మాయి ఫస్ట్ ఇయర్‌లోనే, రెండు కాగితపు ముక్కలతో, అక్కడికి చేరిపోయింది. నేను ఆ పాఠం ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను, ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆ మర్నాటి నుంచి నా పాఠం మారిపోయింది. ఈ వృత్తిలో నాకు జీతం కాకుండా ముట్టేది ఇదే.

రావుగారి రెండో సంగతి ఇక్కడ చెప్పాలి. 1943, 44 ప్రాంతంలో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎస్టిమేషన్ మీద పాఠాలు చెబుతున్నారు. అప్పటికి ఆయన పాతికేళ్లు నిండని కుర్రవాడు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు ఎస్టిమేటర్ (శాంపిల్ నుంచి అసలు విలువను అంచనా వేసే సూత్రం) వేరియన్స్ ఒక హద్దుకంటే కిందికి దిగదు అన్న ఫిషర్ ఫలితం వివరించారు. క్లాసులో దండేకర్ అనే విద్యార్థి, తర్వాతి రోజుల్లో ఆర్థికవేత్తగా పేరు పొందిన వి.ఎం. దండేకరే, లేచి, చిన్న శాంపిల్‌కి ఇలాంటిది ఎందుకు నిరూపించకూడదు అని అడిగాడు. రావుగారు ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాటికి నిరూపించారు. 1945లో కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ప్రపంచమంతా క్రామర్-రావ్ ఇనీక్వాలిటీ అని చదువుకునేది అదే. నువ్వూ సెమిస్టర్ పరీక్షకు బట్టీ పట్టే ఉంటావు. అది పుట్టింది పరిశోధనశాలలో కాదమ్మా, క్లాసురూములో, ఒక విద్యార్థి వేసిన ప్రశ్న వల్ల. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అని ఉంటే అంతటితో పోయేది.

కాబట్టి ఉద్యోగానికి రాజీనామా పెట్టకముందే ఒక పని చెయ్యి. శని, ఆదివారాల్లో పాఠం చెప్పు. ఆఫీసు జూనియర్లకు కాదు. వాళ్లకు అవసరం ఉంది కాబట్టి వింటారు. స్టాట్స్ అంటే ఏమాత్రం ఆసక్తి లేని పిల్లలకు చెప్పు. మీ కాలనీలో పదో తరగతి పిల్లలుంటారు, వాళ్ల లెక్కల పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం పాఠం ఉంటుంది: సగటు, మధ్యగతం, బాహుళకం, ఓజివ్ వక్రాలు. లేదా దగ్గర్లో డిగ్రీ కాలేజీలో తెలిసిన లెక్చరర్ ఉంటే ప్రాక్టికల్స్ రోజున సాయానికి వస్తానని అడుగు, సంతోషంగా రమ్మంటారు. ఒకే పాఠాన్ని వేర్వేరు పిల్లలకు మళ్లీ మళ్లీ చెప్పు. ఒక విద్యా సంవత్సరమంతా అలా చేశాక, మధ్యగతం మళ్లీ చెప్పాలంటే నీకు ప్రాణం ఉసూరుమంటోందా, ఈసారి ఎవరు ఎక్కడ తడబడతారో చూద్దామని ఉందా? మొదటిదైతే నువ్వు డేటా రంగంలోనే ఉండి స్టాట్స్ లోతుగా చదువుకో, పీహెచ్‌డీ చెయ్యి, అది చాలా మంచి జీవితం. రెండోదైతే ఇటు రా.

ఉద్యోగం మీద విసుగా అన్న అనుమానం కూడా దీంతోనే తీరిపోతుంది. విసుగైతే వారాంతాల్లో అదనపు పని పెట్టుకోవడానికి మనసొప్పదు.

వస్తే ఏముంటుందో కూడా తెలిసి రావాలి. పాఠం అన్నది పనిలో ఒక భాగమే. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్లు, హాజరు పట్టీలు, ఇన్విజిలేషన్, ఇంటర్నల్స్, సెమిస్టర్ పేపర్లు దిద్దడానికి స్పాట్ వాల్యుయేషన్, ఏటా అడ్మిషన్లప్పుడు పిల్లల్ని చేర్పించడానికి ఊళ్లు తిరగడం, ఇవన్నీ ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఎక్కువ, పరీక్ష ఇంగ్లిషులో. తెలుగులో చెప్పి, ఇంగ్లిషులో రాయించాలి. దానికి ఓపిక కావాలి. మా క్లాసులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చే పని కూడా అదే.

డబ్బు సంగతి దాచను. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో యూజీసీ స్కేలు వస్తే మూలవేతనం 57,700తో మొదలవుతుంది, పైన డీఏ, ఇంటద్దె. దాంతో గౌరవంగా బతకవచ్చు. కానీ ఆ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో గెస్ట్ లెక్చరర్‌గానో ప్రైవేటు కాలేజీలోనో చెయ్యాలి. అక్కడ నీ ఇప్పటి జీతంలో సగం కూడా రాకపోవచ్చు, కొన్ని చోట్ల సెలవుల నెలలకు ఇవ్వరు. మీ అమ్మానాన్నల భయం ఇదే అయితే అది న్యాయమైన భయం. వాళ్లతో వాదించకు. ఎమ్మెస్సీ రెండేళ్లూ, ఆ తర్వాత ఇంకో రెండేళ్లూ వాళ్ల మీద ఆధారపడకుండా గడిచేటంత పోగుచేసి, ఆ లెక్క కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టు. పెళ్లి సంబంధాల మాట వస్తుంది, రాకుండా ఉండదు. "లెక్చరర్" అన్నమాటకు మన ఊళ్లలో ఇప్పటికీ మంచి మర్యాదే ఉంది, అది కూడా వాళ్లకు గుర్తుచెయ్యి.

దారి విషయం. డిగ్రీలో స్టాట్స్ ఒక మెయిన్‌గా చదివావు కాబట్టి నీకు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. బీటెక్ వాళ్లకు ఇంత సులువు కాదు. మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలో మాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు. జామ్ ఫిబ్రవరిలో, దరఖాస్తులు అంతకు ముందు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఐఎస్‌ఐ ఎంస్టాట్ అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే మంచిది. రాసి చూడు, ఆ పాత పేపర్లు చేస్తేనే సగం చదువు వచ్చేస్తుంది.

ఎమ్మెస్సీలో 55 శాతం, దాని మీద నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష పాసై ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హత వస్తుంది. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు శాతంలో సడలింపు ఉంది. స్టాట్స్ వాళ్లు రాసేది సీఎస్‌ఐఆర్ నెట్‌లో మాథమెటికల్ సైన్సెస్. అందులో నాలుగో యూనిట్ మనది. కానీ మొదటి యూనిట్, అంటే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, మాథ్స్ వాళ్లకూ మనకూ ఉమ్మడి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మొత్తం 200 మార్కుల్లో పార్ట్ సి ఒక్కటే 95, ఒక్కో ప్రశ్నకు 4.75, ఒకటికంటే ఎక్కువ జవాబులు సరైనవి ఉండవచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కు. కోచింగ్ నోట్సుతో అది దాటలేవు. డిగ్రీ మాథ్స్ పుస్తకాలు ఇంట్లో ఉంటే ఇప్పుడే బయటికి తియ్యి. మాట్రిక్స్ ర్యాంకు, ఐగెన్ విలువలు, క్వాడ్రాటిక్ ఫారమ్స్‌తో మొదలుపెట్టు. రిగ్రెషన్ మొత్తం వాటి మీదే నిలబడుతుంది, నీ ఇప్పటి ఆఫీసు పనికి కూడా అవి పనికొస్తాయి.

బడిలో చెప్పాలని ఉంటే ఆ దారి వేరు: రెండేళ్ల బీఎడ్, టెట్, ఆ తర్వాత డీఎస్సీలో మాథ్స్ స్కూల్ అసిస్టెంట్. నీ డిగ్రీలో మాథ్స్ ఉంది కాబట్టి అదీ కుదురుతుంది. స్టాట్స్ అక్కడ ఒక్క పాఠమే, మిగతా ఏడాదంతా ఆల్జీబ్రా, జామెట్రీ. నీ ఉత్తరం చదివితే నీకు డిగ్రీ కాలేజీయే సరిపోతుందనిపిస్తోంది. పదో తరగతి పిల్లలకు చెప్పి చూశాక నీ మనసు మారితే మళ్లీ రాయి, డీఎస్సీ సిలబస్ సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.